ఊళ్లో లినక్స్ గ్రూప్ పెట్టి, దాని మాట ఆఫీసు దాకా తీసుకెళ్లడం ఎలా

కాకినాడలో భానుగుడి సెంటర్‌కి దగ్గర్లో నాకు కంప్యూటర్ రిపేర్ షాపుంది. దానితో సంబంధం లేకుండా కొంతమందిమి కలిసి ఒక లినక్స్ యూజర్ గ్రూప్ నడుపుతున్నాం. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్లో ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. ఈమధ్య తుని నుంచి, అమలాపురం నుంచి కుర్రాళ్లు ఫోన్ చేసి "అన్నయ్యా, మేమూ ఒకటి పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేసరికి షాపులో కస్టమర్ లేచి వెళ్లిపోతున్నాడు. అందుకని తెలిసినదంతా ఇక్కడ రాసేస్తున్నా.

ముందే ఒక మాట. ఓపెన్ సోర్స్, అంటే లినక్స్‌లా ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్ గురించి ప్రభుత్వంతో మాట్లాడాలన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది. మంచిదే. కానీ చిన్న ఊళ్లో మన అర్జీకి విలువ వచ్చేది మనం బాగుచేసిన మెషీన్ల వల్ల. ఆఫీసులో గుమాస్తాకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తన మేనల్లుడి పాత ల్యాప్‌టాప్‌ని బతికించింది మీరేనని తెలిస్తే మాత్రం కుర్చీ చూపిస్తాడు. కాబట్టి నా వరస ఇది: ముందు పని, తర్వాత కాగితం, ఆ తర్వాతే నాయకులు.

చోటు, రోజు, మనుషులు

రెండో శనివారం పెట్టుకోండి. ప్రభుత్వ ఆఫీసులకీ బ్యాంకులకీ ఆ రోజు సెలవు. మనకి కావాల్సిన మనుషులు, అంటే స్కూలు టీచర్లు, మునిసిపల్ ఆఫీసు ఆపరేటర్లు, బ్యాంకు వాళ్లు ఆ రోజే ఖాళీగా దొరుకుతారు. ఆదివారం పెడితే పిల్లలు మాత్రమే వస్తారు, అదీ మ్యాచ్ లేకపోతే. ఒకసారి రోజు, టైము అనుకున్నాక మార్చకండి. ఇద్దరే వచ్చినా ఇద్దరితోనే జరపండి. వాట్సాప్‌లో "ఈ నెల మీటింగ్ ఉందా?" అని అడగాల్సి వచ్చిందంటే జనం రావడం తగ్గిపోతుంది.

చోటు విషయానికొస్తే, పాలిటెక్నిక్ ల్యాబ్ గాని, డిగ్రీ కాలేజీ గది గాని అడగండి. ప్రిన్సిపాల్‌కి ఒక పేజీ ఉత్తరం, బాధ్యత తీసుకునే లెక్చరర్ ఒకరు ఉంటే చాలావరకు ఇస్తారు. వాచ్‌మన్‌ని మర్చిపోకండి. తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది, ముందురోజు సాయంత్రం ఒక ఫోన్ చెయ్యాలి. సొంత షాపులో మాత్రం పెట్టొద్దు. నాకు షాపుంది కాబట్టే చెబుతున్నా: షాపులో పెడితే అది గిరాకీ కోసం వేసిన ఎత్తుగానే కనిపిస్తుంది. గ్రూపుకి వచ్చినవాళ్లకి ర్యామో ఎస్ఎస్‌డీయో కావాలంటే నాది కాకుండా ఇంకో మూడు షాపుల పేర్లు చెబుతాను. నాకు నష్టమేమీ రాలేదు.

పేరు గురించి ఎక్కువ కొట్టుకోకండి. మన రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో వీటిని గ్లగ్ అంటారు, గ్నూ/లినక్స్ యూజర్ గ్రూప్ అన్నమాట. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి ఈ పనిలో ఉంది. మీ కాలేజీలో ఆ గ్లగ్ ఉంటే దానితో కలవండి, లేకపోతే విడిగా మొదలుపెట్టుకోండి. ఎలా చేసినా ఇంజనీరింగ్ పిల్లలతోనే ఆగిపోవద్దు, వాళ్లు నాలుగేళ్లకి బెంగళూరు వెళ్లిపోతారు. ఊళ్లో ఉండిపోయేవాళ్లు కావాలి: డీటీపీ ఆపరేటర్, మీసేవ సెంటర్ కుర్రాడు, సైన్సు టీచరు.

అందరికంటే ముఖ్యంగా పట్టుకోవాల్సింది ఒక రిటైరైన సూపరింటెండెంట్‌ని. నిజంగా చెబుతున్నా. మెషీన్ విప్పేవాడు వీధికొకడు దొరుకుతాడు గాని, అర్జీ ఎవరి పేరున రాయాలో, అది ఏ సెక్షన్‌కి వెళ్తుందో, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు ఎందుకు వేయించుకోవాలో తెలిసినవాడు దొరకడు. మా దాంట్లో ఒకాయన ఉన్నారు. లినక్స్ ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆయన రాసిన ఒక్క ఉత్తరం కూడా చెత్తబుట్టలో పడినట్టు నేను వినలేదు.

మొదట మెషీన్లు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం ఉండాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ గాని అంతకంటే కొత్తది గాని ఉండాలి. మన ఇళ్లల్లో, ట్యూషన్ సెంటర్లలో, చిన్న స్కూళ్లలో ఉన్నవి ఎక్కువగా దానికంటే పాతవి. వాటిని పారేయక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ బదులు ఒక చిన్న ఎస్ఎస్‌డీ ఉంటే లినక్స్‌లో ఒక రకమైన మింట్, అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ హాయిగా నడుస్తుంది. గ్రూపుకి ఇంతకంటే మంచి మొదటి పని దొరకదు.

ఇన్‌స్టాల్ చేసే రోజు జాగ్రత్తలు వరసగా చెబుతా. ముందు డేటా కాపీ చేయించండి, అదీ ఓనరు చేతే, ఆయన కళ్లముందే. పెళ్లి ఫొటోలు పోతే లినక్స్ వల్లే పోయాయని ఊరంతా చెబుతారు. రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన ఉంచుతుంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఉంటే రికవరీ కీ ఓనరు దగ్గర ఉందని నిర్ధారించుకున్నాకే పార్టిషన్ మీద చెయ్యి వెయ్యండి. వెంటాయ్ అనే టూల్ వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే మూడు నాలుగు రకాల లినక్స్‌లు అందులోనే పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ నొక్కే ముందు లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ నాలుగూ చూడండి.

ప్రింటర్ గురించి కాస్త ఆగుదాం, ఎందుకంటే మన పరువు పోయేది అక్కడే. హెచ్‌పీ మోడళ్లు చాలావరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ల ప్యాకేజీతో దారిలోకి వస్తాయి. కానీ మన ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో పదిహేనేళ్లుగా చావకుండా తిరుగుతున్న చిన్న లేజర్ ప్రింటర్లు కొన్ని ఉన్నాయి. వాటి డ్రైవర్ ఒకరోజు పనిచేస్తుంది, అప్‌డేట్ రాగానే మొరాయిస్తుంది. అందుకని మీటింగ్‌కి వచ్చేవాళ్లని ప్రింటర్ వెనక స్టిక్కర్ ఫొటో ముందే పంపమనండి. దారిలోకి రాదని తేలితే "మీకు ఇప్పుడే వద్దండి" అని చెప్పి పంపించండి.

అలాగే ట్యాలీ మీద బతికే అకౌంటెంట్ జోలికి వెళ్లొద్దు. డీఎస్సీ వాడేవాళ్లని కూడా కదపొద్దు. టీచర్ పోస్టుల డీఎస్సీ కాదండోయ్, టెండర్లు వేసేవాళ్ల దగ్గర ఉండే డిజిటల్ సంతకం టోకెన్. లినక్స్‌లో అది పనిచేయించొచ్చు గాని, బిడ్ ఆఖరి రోజున మొరాయిస్తే ఆ కాంట్రాక్టర్ టెన్షన్ అంతా మీ మీద పడుతుంది.

తెలుగు టైపింగ్ దగ్గర మాత్రం గట్టిగా నిలబడొచ్చు. లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన కీబోర్డు లేఅవుట్లతో పాటు డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. "యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు ఏవండీ?" అని ప్రతి డీటీపీ ఆపరేటరూ అడుగుతాడు. యూనికోడ్ అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. మండలి, పెద్దన, సురవరం, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, ఇవన్నీ ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక శుభలేఖ వాటితో కంపోజ్ చేసి చూపించండి, వాదన అక్కర్లేదు.

చేసిన ప్రతి మెషీన్‌నీ ఒక రిజిస్టర్లో రాయండి: మోడల్, ఎన్నేళ్లది, ఏం వేశాం, నెల తర్వాత ఎలా ఉంది. ఆ ఆఖరి గడి కోసం నెల తర్వాత ఫోన్ చెయ్యాలి. ఎవరికీ ఇష్టం లేని పని అది. తిరిగి విండోస్‌కి వెళ్లిపోయినవాళ్లని కూడా అలాగే రాయండి. రేపు ఏ అధికారైనా "మీ లినక్స్ మామూలు జనం వాడతారా?" అని అడిగితే, అవును అనడం కంటే ఆ రిజిస్టర్ ఆయన చేతికివ్వడం నయం. ఓనర్ల ఫోన్ నంబర్లు అందులో రాయొద్దు, అవి విడిగా పెట్టుకోండి.

ఒక్క ఫారంతో మొదలుపెట్టండి

ఇక ఆఫీసు. చాలా గ్రూపులు ఇక్కడ "రాష్ట్ర ప్రభుత్వం మొత్తం ఓపెన్ సోర్స్‌కి మారాలి" అని మెమొరాండం రాసి కలెక్టర్‌కి ఇచ్చి ఫొటో దిగుతాయి. ఆ కాగితం మీద ఎవరు ఏం చెయ్యాలి? ఎవరి సెక్షన్‌కీ సంబంధం లేని కాగితం ఏ సెక్షన్‌లోనూ కదలదు.

మేం ఒక్క ఫారం పట్టుకున్నాం. జిల్లాలో ఒక ఆఫీసు వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం పాత తెలుగు ఫాంట్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలుగా ఉండేది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు, లేని చోట ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. ఫోన్లో తెరిస్తే "దరఖాస్తుదారుని పేరు" ఉండాల్సిన చోట అర్థం కాని పిచ్చి రాత. జనం నెట్ సెంటర్‌కి వెళ్లి డబ్బిచ్చి ప్రింట్ తీయించుకునేవాళ్లు. మా డీటీపీ ఆపరేటర్ ఆ ఫారాన్ని ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాడు, గీతలూ గడులూ ఏమీ మారకుండా. ఫోన్లో కనిపించే పాత ఫారం ఒక ఏ4 మీద, మేం చేసింది ఇంకో ఏ4 మీద ప్రింట్ తీశాం. రెండూ పట్టుకుని ఆ ఆఫీసు సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాం.

"మీరు ఏ పార్టీ అండి?" అన్నారు ఆయన మొదట.

"పార్టీ కాదు సార్. కంప్యూటర్లు బాగుచేస్తాం, డబ్బులు తీసుకోం."

"బాగుచేస్తారా? అయితే ముందు మా ప్రింటర్ చూడండి."

చూశాం. రోలర్ మీద దుమ్ము, అంతే. టీ వచ్చింది. అప్పుడు రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాం. ఆయన తన ఫోన్ తీసి వెబ్‌సైట్‌లో ఆ ఫారం తెరిచి చూసుకున్నారు. "ఇన్నేళ్లూ ఇలాగే ఉందా?" అని పక్క సీటు వైపు చూశారు. పక్క సీటాయన కిటికీ వైపు చూశారు.

మేమిచ్చిన అర్జీ ఇంతే: "విషయం: మీ వెబ్‌సైట్‌లోని ఫలానా దరఖాస్తు ఫారాన్ని యూనికోడ్ తెలుగులో, పీడీఎఫ్ రూపంలో ఉంచవలసిందిగా మనవి. ప్రస్తుతం ఈ ఫారం ఫోన్లలోనూ, సంబంధిత ఫాంటు లేని కంప్యూటర్లలోనూ చదవడానికి వీలుగా లేదు. నమూనా జతపరిచాం. సరిచేసిన ఫారం కూడా జతపరిచాం, పరిశీలించి యథాతథంగా వాడుకోవచ్చు. ఇందుకు ఏ సాఫ్ట్‌వేరూ కొనవలసిన అవసరం లేదు." కింద రెండు లైన్లలో ఆధారం: రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషలన్నిటికీ ఈ-గవర్నెన్స్‌లో యూనికోడ్‌నే ప్రమాణంగా కేంద్రం 2009లో ప్రకటించింది, 2010లో, ఎవరైనా వాడుకోగల ప్రమాణాల కోసం ఓపెన్ స్టాండర్డ్స్ పాలసీ కూడా తెచ్చింది. ఓపెన్ సోర్స్ అనే మాట ఆ అర్జీలో ఎక్కడా లేదు.

ఆ ఫారం మారింది. వెంటనే కాదు, మధ్యలో రెండు మూడు సార్లు తిరిగాం. అదే వెబ్‌సైట్‌లో మిగతా ఫారాలు ఇంకా అలాగే ఉన్నాయి, వాటి సెక్షన్లు వేరు. ఒక్కొక్క దానికీ మళ్లీ ఇదే పని. విసుగొచ్చే మాట నిజమే, కానీ మా ఊళ్లో కదిలిన దారి ఇదొక్కటే.

ఈ రకం పనికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల వేదికకి వెళ్లొద్దని నా సలహా. తెలంగాణలో ప్రజావాణి కూడా సోమవారమే. అక్కడ పింఛను రానివాళ్లు, పొలం సరిహద్దు గొడవలవాళ్లు పొద్దుటి నుంచి లైన్లో ఉంటారు. వాళ్ల మధ్య ఫాంటు గురించి అర్జీ పట్టుకుని నిలబడితే మనకే బాగుండదు. నేరుగా ఆఫీసుకి, మామూలు రోజున, పదకొండు దాటాక వెళ్లండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

టెండరు కంటే ముందు

2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగం మీద ఒక పాలసీ తెచ్చింది. ఈ-గవర్నెన్స్ సిస్టమ్‌లలో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. టెండరు పిలిచేటప్పుడు సప్లయర్లు ఓపెన్ సోర్స్‌ని కూడా పరిశీలించాలని షరతు పెట్టాలి, దాన్ని పక్కన పెట్టే సప్లయర్ కారణం రాసివ్వాలి. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థలకి వర్తిస్తుంది. రాష్ట్రాలకైతే వాళ్లు దాన్ని స్వీకరిస్తేనే. ఈ తేడా తెలియకుండా మునిసిపల్ కమిషనర్ దగ్గరికెళ్లి "మీరు పాలసీ ఉల్లంఘిస్తున్నారు" అంటే ఆయన నవ్వి పంపించేస్తారు. అదే కేంద్ర సంస్థల దగ్గరైతే ఆ కాగితం పనికొస్తుంది.

టెండరు వచ్చాక అభ్యంతరం చెప్పడం పెళ్లయ్యాక ముహూర్తం బాగాలేదన్నట్టు ఉంటుంది. వస్తువు కావాలని ఆఫీసు ఇండెంట్ పెడుతుంది, తర్వాత ఎవరో ఒకరు స్పెసిఫికేషన్ రాస్తారు. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు పాత టెండరునే కాపీ చేస్తారు. అందులో ఒక కంపెనీ ఆఫీస్ సూట్ పేరు ఉంటే కొత్తదాంట్లోనూ అదే వస్తుంది. మనం పట్టుకోవాల్సింది ఆ కాపీ జరిగే సమయాన్ని. మార్చిలో బడ్జెట్ ఖర్చుపెట్టే హడావిడి ఉంటుంది కాబట్టి అక్టోబర్, నవంబర్‌లలోనే వెళ్లి, బ్రాండ్ పేరు బదులు వాడదగిన వాక్యం ఒకటి ఇచ్చి రండి: "ఓడీఎఫ్, పీడీఎఫ్ ఫైళ్లను తెరవగల, భద్రపరచగల, యూనికోడ్ తెలుగును పూర్తిగా సమర్థించే ఆఫీస్ సూట్." ఓడీఎఫ్ అంటే ఏ ఒక్క కంపెనీకీ చెందని డాక్యుమెంట్ ఫార్మాట్. ఈ వాక్యం ఎవరినీ బయటికి నెట్టదు, అందుకే దాన్ని కాదనడం కష్టం. పెద్ద టెండర్లకి ప్రీ-బిడ్ మీటింగ్ ఉంటుంది. అక్కడ అడిగే హక్కు ఎక్కువగా బిడ్డర్లకే. మీ ఊళ్లో లినక్స్ సర్వీసు ఇచ్చే చిన్న కంపెనీ ఉంటే వాళ్ల చేత అడిగించండి.

సమాచార హక్కు దరఖాస్తు గురించి. ఏపీలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. "ఓపెన్ సోర్స్ ఎందుకు వాడటం లేదు?" అని అడగొద్దు, "ఎందుకు"కి జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. రికార్డులో ఉన్న కాగితం అడగండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో కొన్న ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుల సంఖ్య, చెల్లించిన మొత్తం, ఆ కొనుగోలుకి రాసిన స్పెసిఫికేషన్ నకలు, 2015 పాలసీ గురించి మీ ఆఫీసుకి సర్క్యులర్ ఏదైనా వచ్చి ఉంటే దాని నకలు. ఈ నాలుగూ చాలు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యొచ్చు.

ఇది రెండో అస్త్రంగానే ఉంచుకోండి. మాట్లాడితే ఇచ్చే ఆఫీసులో ఆర్టీఐ వేస్తే తలుపులు మూసుకుంటాయి. మా రిటైర్డ్ సూపరింటెండెంట్ గారి రూలు: రెండుసార్లు మర్యాదగా అడుగు, మూడోసారి ఆర్టీఐ.

ఇంకో జాగ్రత్త. మీ గ్రూపులో ప్రభుత్వ ఉద్యోగులు ఉంటే వాళ్ల సంతకాలు అర్జీల మీద పెట్టించొద్దు. ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శిస్తే వాళ్లకి మెమో రావచ్చు. టీచర్లు మెషీన్ల దగ్గర ఉంటారు, కాగితాల దగ్గర ఉండరు. ఇది మా దగ్గర గట్టి నియమం.

నాయకుల దగ్గరికి

రాజకీయం అనగానే మీటింగ్‌లో సగం మంది సర్దుకుని కూర్చుంటారు. కానీ స్కూళ్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలన్నది చివరికి రాజకీయ నిర్ణయమే. కేరళని చూడండి. 2001లో స్టాల్‌మన్ తిరువనంతపురం వచ్చినప్పుడు అక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఎఫ్ఎస్ఎఫ్ ఇండియా సంస్థ మొదలైంది. ఆ వాతావరణంలో ఐటీ@స్కూల్ పథకం మెల్లగా స్కూలు కంప్యూటర్లని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు తిప్పింది, టీచర్లకి అందులోనే శిక్షణ ఇచ్చింది. దాని తర్వాతి రూపమైన కైట్ సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం 2 లక్షలకు పైగా స్కూలు కంప్యూటర్లలో లినక్స్ వల్ల ఆదా 3,000 కోట్ల రూపాయలు. ఆ అంకె చూసి ముచ్చటపడటం తేలిక. నాకు ముఖ్యమనిపించేది మాత్రం టీచర్లు. ప్రభుత్వాలు మారినా అది నిలిచింది, ఎందుకంటే క్లాసులో పాఠం చెప్పేవాళ్ల చేతికి అది అలవాటైపోయింది.

జర్మనీలోని మ్యూనిక్‌లో దీనికి ఎదురు జరిగింది. ఆ నగర కౌన్సిల్ 2003లో లినక్స్‌కి మారాలని తీర్మానించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయంగా వెళ్లి మేయర్‌ని కలిసినా ఆగలేదు. 2013కల్లా 15 వేలకు దగ్గరగా మెషీన్లు మారాయి. 2014లో కొత్త మేయర్ వచ్చారు, 2017 నవంబర్‌లో తిరిగి విండోస్‌కి వెళ్లాలని అదే కౌన్సిల్ ఓటేసింది. అన్నేళ్ల పని పోవడానికి కౌన్సిల్లో ఒక్క మెజారిటీ చాలింది. అందుకే చెబుతున్నా, ఒక్క నాయకుడి మీదో, ఒక్క పార్టీ మీదో పందెం కాయొద్దు.

మన దగ్గర పనికొచ్చే మనిషి ఎమ్మెల్సీ. రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది, పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాలున్నాయి. మా ఉభయ గోదావరి పట్టభద్రుల స్థానంలో ఓటర్లంటే మన గ్రూపు మనుషులే: డిగ్రీ చదివినవాళ్లు, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు. ఎమ్మెల్యే ఇంటి దగ్గర రోడ్డు, డ్రైనేజీ కోసం వచ్చేవాళ్ల లైనే పొడుగు. ఎమ్మెల్సీ దగ్గర అంత ఉండదు. ఆయన్ని అడగాల్సింది ఉపన్యాసం కాదు, సభలో ఒక్క ప్రశ్న: "ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ ల్యాబులలో సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు ఏటా ఎంత ఖర్చవుతోంది?" ఆ ప్రశ్న మీరే టైపు చేసి, వెనక ఆర్టీఐ జవాబు జతచేసి ఇవ్వండి. మంత్రి సభలో ఇచ్చే జవాబు రికార్డుకి ఎక్కుతుంది. అధికార పక్షం ఆయనకిచ్చిన కాగితమే, అదే వారంలో ప్రతిపక్షం ఆయనకీ ఇవ్వండి. ఇద్దరికీ ఇచ్చామని ఇద్దరికీ చెప్పండి.

శాలువాల దగ్గర జాగ్రత్త. నాయకుడి చేత శాలువా కప్పించుకుని ఫొటో దిగితే మర్నాడు అది ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఆ ఫ్లెక్సీ చూసిన అవతలి పార్టీ మనిషి మళ్లీ మీ మీటింగ్‌కి రాడు. మా బ్యానర్ మీద ఎవరి బొమ్మా ఉండదు, వాట్సాప్ గ్రూపులో ఏ పార్టీ పోస్టూ ఉండదు. ఎవరైనా పెడితే అడ్మిన్ తీసేస్తాడు, అది సొంత బావమరిది పెట్టినా సరే.

ఢిల్లీ స్థాయి విషయాల్లో చిన్న గ్రూపులు ఏం చేస్తాయనుకోవచ్చు. 2007లో మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకి వాడే ఓఓఎక్స్ఎంఎల్ ఫార్మాట్‌ని అంతర్జాతీయ ప్రమాణం చేయాలా అని ఓటింగ్ వచ్చినప్పుడు మన దేశంలో ప్రమాణాలు చూసే బీఐఎస్ కమిటీ వద్దంది, 2008లో మళ్లీ వద్దంది. చివరికి అది ప్రమాణమైంది, అది వేరే సంగతి. 2015 ఆగస్టులో పేటెంట్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకి దారితీసేలా మార్గదర్శకాలు తెస్తే, అభ్యంతరాలు వెల్లువెత్తాక డిసెంబర్‌లో వాటిని నిలిపేసింది. కొన్ని సైట్లని మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ పథకం ఫ్రీ బేసిక్స్ మీద గొడవ జరిగి 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, సైటుని బట్టి వేర్వేరు డేటా రేట్లు పెట్టడాన్ని నిషేధించింది. వీటిలో జిల్లా గ్రూపు చేయగలిగింది ఒక్కటే: ప్రజాభిప్రాయం అడిగిన గడువులోగా, కాపీ కొట్టని సొంత మాటల్లో, మన ఊరి ఉదాహరణతో ఒక పేజీ పంపడం. వేలమంది ఒకే ఫార్వర్డ్ పంపితే దాన్ని ఒక్కటిగానే లెక్కపెడతారని నా అనుమానం.

సొసైటీగా రిజిస్టర్ చేయించాలా అని అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు గాని, ఆ తర్వాత ఏటా లెక్కలు, జాబితాలు దాఖలు చెయ్యాలి. అధ్యక్షుడు ఎవరన్న గొడవ కూడా అప్పుడే మొదలవుతుంది. కాలేజీతో ఒప్పందమో బ్యాంకు ఖాతానో తప్పనిసరైనప్పుడు చూసుకోవచ్చు.

ఇక బదిలీలు. మీరు ఓపిగ్గా అర్థమయ్యేలా చెప్పుకున్న ఆఫీసర్ ఏదో ఒక రోజు వెళ్లిపోతారు. అందుకని ప్రతి ఆఫీసుకీ ఒక అట్ట ఫైలు పెట్టండి: ఇచ్చిన అర్జీల నకళ్లు, ఇన్‌వర్డ్ నంబర్లు, మారిన ఫారాల పాత-కొత్త ప్రింట్లు, ఆర్టీఐ జవాబులు. కొత్త ఆఫీసర్ చేరిన మొదటి వారం వెళ్లొద్దు, అప్పుడు బొకేలవాళ్ల రద్దీ ఉంటుంది. నెల ఆగి, ఆ సెక్షన్‌లో తెలిసిన గుమాస్తాకి ముందు ఫోన్ చేసి, సారు ఏ టైములో తీరిగ్గా ఉంటారో కనుక్కుని వెళ్లండి. ఫైల్లో మొదటి కాగితంగా ఆ ఆఫీసులో ఇప్పటికే మారిన ఫారం పెట్టండి. ఇంకా మారాల్సినవి దాని వెనకాల.